రెండో రోజు నాలుగింటికి ఎక్కడ?

"మూడు రోజుల సైట్‌సీయింగ్ ట్రిప్," అన్నాడు చీఫ్, కోటిన్నర మంది ఉన్న పొరుగుదేశపు రాజధాని మ్యాప్‌ని టేబుల్ మీద పరుస్తూ. "రెండో రోజు సరిగ్గా నాలుగింటికి మ్యూజియం, రెండో అంతస్తు. మన ప్రొఫెసర్ అక్కడ పది నిమిషాలే ఉంటాడు. అక్కడివాళ్ళకి అతని మీద అనుమానం వచ్చేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళాడంటే ఇక శవం కూడా మనకి దొరకదు."

డిపార్ట్‌మెంట్‌లో 'డేగ' అని పిలిచే ఏజెంట్ మ్యాప్ మీదికి వంగాడు. పన్నెండేళ్ళ క్రితం తనకి కోడ్ నేర్పింది ఆ ప్రొఫెసరే.

"అనుమానం రాకుండా నా పక్కన కవర్ ఎవరు సార్?"

"మీ అత్తగారు. ఊళ్ళు చూడాలని ఆవిడ ఎప్పట్నుంచో అడుగుతోందటగా."

బాంబులకి అదరని గుండె ఈ మాటకి జారింది.

"ఇంకోటి. ట్రావెల్స్ మేడమ్ మన జీతమూ తీసుకుంటుంది, వాళ్ళదీ తీసుకుంటుంది. మనకి తెలుసని ఆవిడకి తెలీదు. ఆవిడ రాసిచ్చిన ప్రోగ్రాంతో వచ్చిన టూరిస్టుని వాళ్ళు పట్టించుకోరు. కానీ ఫలానా టైముకి ఫలానా చోటు కావాలని ఎవరైనా నోరు తెరిచి అడిగితే, ఆ చోటు గంటలో వాళ్ళకి తెలిసిపోతుంది. మ్యూజియం మాట నీ నోట రాకూడదు. మేడమ్ నోటే రావాలి."

ట్రావెల్స్ ఆఫీసు ఆరింటికి మూసేస్తారు. అయిదున్నరకి డేగ, అత్తగారు అద్దాల టేబుల్ ముందు కూర్చున్నారు. మేడమ్ నల్లచీర, ఎర్రగోళ్ళు, మత్తు కళ్ళు. చేతిలోని వెండి పెన్ను నిజానికి మైక్రోఫోన్. అలాంటిదే డేగ జేబులోనూ ఉంది.

"రెండో రోజు మధ్యాహ్నం ప్రత్యేకంగా ఎక్కడికైనా వెళ్ళాలా సార్?"

"మీ ఇష్టం."

"అయితే పొద్దున మ్యూజియం, నాలుగింటికి బోటు షికారు."

"మ్యూజియం దేనికమ్మా," అంది అత్తగారు. "పగిలిన కుండలు చూడ్డానికి విమానమెక్కి పోవాలా? తీసెయ్."

ఎర్రగోళ్ళు ఆ మాట కాస్తా కొట్టేశాయి.

"అత్తయ్యగారూ, చరిత్ర..."

"మీరూరుకోండి అల్లుడుగారూ. ఇంట్లో ఉన్న చరిత్ర చాలదా?"

మేడమ్ కళ్ళు డేగ వైపు తిరిగాయి. పెన్ను కూడా తిరిగింది. ఒక్క మాట అడిగితే ప్రొఫెసర్ చస్తాడు, అడక్కపోయినా చస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. జూ వచ్చింది, టవర్ వచ్చింది, బజారు రెండుసార్లు వచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న డేగకి ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆరుకి రెండు నిమిషాలు. ప్రింటర్ బటన్ మీదికి మేడమ్ వేలు వెళ్ళింది.

"ఆగమ్మా. నాలుగింటికి బోటా? ఆ టైముకి నేను మోకాళ్ళ మాత్ర వేసుకుని గంటసేపు కాళ్ళు చాపాలి. నీళ్ళ మీద ఎక్కడ చాపను?"

"పోనీ, హోటల్‌కి వెళ్ళిపోండి."

"పడుకోడానికి అంత దూరం ఎందుకు, మా ఇంట్లో మంచం లేదా?"

మేడమ్ గడియారం చూసుకుంది. దేశాలనే ఆటాడించిన మనిషికి ఓపిక నశించింది. "ఏసీ, లిఫ్టు, సోఫాలు, శుభ్రమైన బాత్రూమ్, అన్నీ ఉన్నది ఒక్క మ్యూజియంలోనేనండీ. రెండో అంతస్తు. కుండల వంక చూడకండి, పడుకోండి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

ప్రింటర్ కదిలింది. తను రాసిన చోటు మీద తనకే అనుమానం రాదు కాబట్టి మేడమ్ ఎవరికీ కబురు పంపలేదు.

రెండో రోజు నాలుగింటికి అత్తగారు సోఫా మీద కాళ్ళు చాపి గురక పెడుతోంది. పక్కనే బక్కచిక్కిన ప్రొఫెసర్ నిలబడ్డాడు. కోడ్ మాట చెప్పబోయి, శిష్యుణ్ణి చూసి చెయ్యి పట్టుకున్నాడు. డేగ అతనికి కొత్త పాస్‌పోర్టు, టోపీ ఇచ్చాడు. నిద్రలేచిన అత్తగారికి బాబాయి అని పరిచయం చేశాడు.

ప్రోగ్రాం తప్పితే అనుమానం. అందుకని మూడో రోజు ముగ్గురూ బజారుకే వెళ్ళారు. నాలుగేళ్ళు శత్రువుల మధ్య నోరు మెదపకుండా బతికిన ప్రొఫెసర్, ఏడో షాపు ముందు మూడు సంచులతో నిలబడి మెల్లగా అడిగాడు.

"ఇంకా ఎన్ని షాపులున్నాయోయ్?"

"నా చేతుల్లో ఏముంది సార్," అన్నాడు డేగ, నాలుగో సంచి అందుకుంటూ.