చంద్రవ్వ కుడిచేయి

చంద్రవ్వను ఆడించి గెలవాలంటే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. గోడ దాకా వెనక్కి పోకూడదు. ఎదుటివాడు ఎగిరేదాకా తను ఎగరకూడదు. దూరం నుంచి బల్లెం విసరకూడదు, అది తిరిగి చేతికి వచ్చేలోపు ఆమెకు ఏ అడ్డమూ ఉండదు. దగ్గరికి పోవాలి, మోకాళ్ల మీద కొట్టాలి. ఎంత ప్రాణం మిగిలిందో చూపే లైఫ్ గీత ఎర్రబడితే భయపడకూడదు. ఆమె పెద్ద దెబ్బ అప్పుడే బయటికి వస్తుంది. అంతకుముందు ఎంత నొక్కినా రాదు.

ఇవన్నీ నాకు సాంబయ్య చెప్పాడు. మంచిర్యాల బస్టాండు వెనక రేకుల షెడ్డులో అతను కిరాయికి తెచ్చి నడిపిన వీడియో గేమ్ మెషీన్లో చంద్రవ్వ ఒక బొమ్మ. నీలం గుడ్డ నడుముకు చుట్టి, పొట్టి బల్లెం పట్టుకుని ఉంటుంది. తెర మీద పేర్లు మాకు తెలియని లిపిలో ఉండేవి, అందుకని ఆడేవాళ్లే పేర్లు పెట్టుకున్నారు. లావుపాటి పహిల్వాన్ పేరు పటేల్. నిప్పులు కక్కేవాడు ఇంజన్.

నేను మొదటిసారి అక్కడికి పోయింది తొంభై ఐదు వానాకాలంలో. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ని నేనే మొదలు. బాపు లచ్చయ్య బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఉద్యోగానికి దరఖాస్తు పోస్టు చేసి వస్తుంటే వాన దంచింది. కనబడిన షెడ్డులోకి ఉరికాను.

లోపల అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఒకే బొమ్మను ఆడిస్తున్నారు. చెల్లె ఎడమచేయి స్టిక్ మీద, అన్న సాంబయ్య కుడిచేయి బటన్ల మీద. నేను రెండో వైపు కాయిన్ వేసి పటేల్‌ను తీసుకున్నాను.

"గిది మా చంద్రవ్వ. జర పైలం తమ్మీ," అన్నాడు అన్న.

"ఇద్దరు కలిసి ఒక్కని మీదికి వస్తరా? ఇదేం న్యాయం?" అన్నాను.

ఆమె తల తిప్పలేదు. "నీకెన్ని చేతులున్నయి?"

"రెండు."

"ఆటల మాకు గూడ గన్నే. ఆడు."

అప్పుడు చూశాను, అతని ఎడమ అంగీచేయి ఖాళీగా వేలాడుతోంది. సిరిసిల్లలో మరమగ్గం బెల్టు ఆ చేతిని లాక్కుందని తర్వాత తెలిసింది. సిగ్గేసి, ఆ సిగ్గు కప్పుకోవడానికి నోటికొచ్చింది అన్నాను. "ఏమన్నా గానీ, చంద్రవ్వ దండగ. రెండు దెబ్బలకే సస్తది."

ఆమె అప్పుడు నా వైపు తిరిగింది. "గది మమ్ముల కన్న అవ్వ పేరు. మా అవ్వ రెండు దెబ్బలకు సావలే. మస్తు కొట్లాడి పోయింది."

ఆ ఆటలో పటేల్ ఎట్లా పడ్డాడో నాకు గుర్తు లేదు. వాన వెలిసింది కానీ నేను కదల్లేదు.

ఆమె పేరు బాలలక్ష్మి. మళ్లీ మళ్లీ పోయాను. రోజుకో దరఖాస్తు పోస్టు చేస్తున్నావా, పోస్టాఫీసే కొనరాదా అని ఏడిపించేది. రౌండు అయిపోయి తెర నల్లబడినప్పుడు మెషీన్ అద్దంలో ఆమె ముఖం కనబడేది. నేను దొంగచాటుగా చూస్తున్నాననుకునేవాణ్ని. ఆమెకు కూడా అదే అద్దంలో నా ముఖం కనబడుతుందన్న తెలివి నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

సాంబయ్యకు దగ్గు మొదలైంది. క్షయ అన్నారు. మందులు వాడి, కొంచెం నయం కాగానే మానేశాడు. దవాఖాన చుట్టూ తిరిగితే షెడ్డు ఎవరు తెరవాలి అనేవాడు. తిరగబెట్టినప్పుడు రక్తం పడింది. తల్లులు పిల్లల్ని రానివ్వడం మానేశారు. అతను తలుపు పక్కన బెంచీ మీదికి మారి, మెషీన్ వైపు గడ్డం ఊపాడు.

"నా జాగల నిలవడు, హనుమంతూ."

నిలబడ్డాను. నా భుజానికి ఆమె భుజం తగిలింది. ఆ పూటంతా ఓడిపోయాం. "ముందుగాల కొట్టకు. నేను పోయి నిలవడ్డంక కొట్టు," అని కోప్పడింది. కొన్నాళ్లకు తెర చూడకుండా, ఆమె భుజం కదిలే తీరును బట్టే బటన్ నొక్కడం నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం సాంబయ్య అడిగాడు. "గేమ్‌లనేనా తమ్మీ, బయట గూడ మా చెల్లె పక్కకు నిలవడుతవా?"

"నిలవడుత. బాపును అడగాలె."

"నన్నెవలు అడగలే," అంది బాలలక్ష్మి, స్టిక్ వదలకుండా.

"అడుగుతున్న."

తెర మీద చంద్రవ్వ దెబ్బలు తింటూ నిలబడింది. "అన్న ఉన్నన్ని రోజులు నేను యాడికీ రాను. తర్వాత మీ బాపు ఒప్పుకుంటే వస్త. ఒప్పుకోకుంటే నువ్వు గూడ రాకు. దొంగతనంగ వద్దు."

బాపు ఒప్పుకోలేదు. అరవలేదు కూడా. "బాయిల దుమ్ము తిని నేను దగ్గుతున్న కొడుకా. ఇంకో దగ్గును ఇంట్లకు తెస్తవా?" అన్నాడు. అయినా నేను షెడ్డుకు పోవడం మానలేదు.

మరుసటి ఏడు దీపావళి దాటాక మెకానిక్ అంతయ్య మాతో ఆడడానికి వచ్చాడు. జబ్బుకు భయపడనివాడు అతనొక్కడే. ఇంజన్‌ను తీసుకుని మమ్మల్ని గోడకు నెట్టాడు. లైఫ్ గీత సన్నబడి ఎర్రబడింది. ఆమె భుజం నిబ్బరంగా ముందుకు కదిలింది. నొక్కాను. చంద్రవ్వ లేచి కొట్టిన దెబ్బకు ఇంజన్ తెర అవతలి దాకా పోయి పడ్డాడు.

"గట్లనే," అన్నాడు సాంబయ్య బెంచీ మీద నుంచి. అంతకన్నా మాట్లాడే ఊపిరి లేదు.

ఆ వారంలోనే పోయాడు.

పాడె లేపడానికి నలుగురు కావాలి. నేను, అంతయ్య, సిరిసిల్ల నుంచి వచ్చిన మేనమామ. వాడకట్టు వాళ్లు మూతులకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని గడపల్లోనే నిలబడ్డారు. నాలుగో కొస నేల మీదే ఉంది. ముసురు పడుతోంది. చివరికి బాలలక్ష్మి కొంగు నడుముకు దోపుకుని వచ్చి ఆ కొసకు భుజం పెట్టబోయింది.

"జరుగు బిడ్డా."

బాపు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడ మీద బొగ్గు మసి అట్లాగే ఉంది. ఎవరి వైపూ చూడకుండా భుజం ఇచ్చాడు. గోదారి ఒడ్డు దాకా దగ్గుతూనే నడిచాడు, ఎక్కడా భుజం మార్చలేదు.

స్నానాలయ్యాక తడి బట్టలతో ఆమె ముందు నిలబడ్డాడు. "మా ఇంట్ల గూడ దగ్గున్నది బిడ్డా. నీకు ఫికర్ లేకుంటే రా."

ఆమె ఆ రోజు మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే తల ఊపింది.

వైశాఖంలో మా పెళ్లయింది. మెషీన్‌ను దాని యజమాని ఎత్తుకుపోయాడు. షెడ్డు జాగాలో ఇప్పుడు సైకిళ్ల దుకాణం ఉంది. అక్కడ ఎవరినడిగినా సాంబయ్య పేరు తెలియదు.

చదివిన మీకు ఒక్క మనవి. ఏ ఆటలోనైనా మీ లైఫ్ ఎర్రబడినప్పుడు మా బావ సాంబయ్యను ఒకసారి తలుచుకోండి. పేరు గుర్తు లేకపోతే చంద్రవ్వ కుడిచేయి అనుకోండి, చాలు.