ఉప్పుగాలిలో నాలుగో మనిషి

పెందుర్తి నుంచి బీచ్ రోడ్డుకు వెళ్లే గాలిబస్సులో ఆ ఉదయం నలభై మంది ఒకే పాట వింటున్నారు. సీట్ల వెనక వెలుగుతున్న అక్షరాలు ఆ సంగతి చెబుతున్నాయి: ‘ఉప్పుగాలి’ బృందం, ‘లంగరు’ పాట. అయినా ఏ రెండు తలలూ ఒకే వేగంతో ఊగడం లేదు. ఆఫీసుకు ఆలస్యమైన వారికి పాట చురుగ్గా వస్తోంది, ఎవరినో పోగొట్టుకున్న వారికి నెమ్మదిగా వస్తోంది. సారంగి ఇష్టపడే వారికి గిటారు బదులు సారంగి వినిపిస్తోంది. అందరూ చెవిలో పెట్టుకునే చెవిపూస లోపల పనిచేసే ఆ ఏర్పాటు పేరు ఇష్టశ్రుతి. మొదట పాటలకే వచ్చింది. తర్వాత వార్తలు, పాఠాలు, చరిత్ర, అన్నీ ఎవరి ఇష్టానికి తగ్గట్టు వారికి అందడం మొదలైంది. నచ్చని మాట చెవిన పడక ఇరవై ఏళ్లయింది నగరానికి.

జడ్సన్‌కు కిటికీ పక్క సీటు ఇచ్చి ఇటు జరిగి కూర్చున్నావిడ బడిపంతులమ్మ. అడగకుండానే సీటు ఇచ్చినందుకు ఆయన మనసులోనే ఆమెకు దణ్ణం పెట్టుకున్నాడు. ఈమధ్య మోకాళ్లు మాట వినడం లేదు.

“మీకూ లంగరే వస్తోందాండి?” అని అడిగింది.

“అవునమ్మా. డ్రమ్స్ ఎలా ఉన్నాయి నీ పాటలో?”

“అవి యంత్రం వాయించినవి కదండీ! ఉప్పుగాలిలో ముగ్గురే. పిల్లలకు ఆ పాఠం నేనే చెబుతాను.”

జడ్సన్ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ బృందంలో బేస్ గిటార్ వాయించింది తనేనని చెప్పలేదు. ఒక్కొక్కరి చరిత్రలో తన ముఖం ఒక్కోలా ఉంటుందని ఆయనకు తెలుసు. అందుకు నవ్వుకోగలడు. కానీ డ్రమ్స్ వాయించిన ఎస్తేరు ఆయన భార్య. ఆమె పోయి ఆరేళ్లు.

యాభై ఏళ్ల కిందట నాలుగు పేరున్న బృందాల నుంచి నలుగురు తారలు విడిపోయి ఒక్కటైతే, పత్రికలు దానిని మహాబృందం అన్నాయి. సినిమాల్లో వెలిగిపోతున్న గాయకుడు చిత్రభాను, గిటారిస్టు ఇర్ఫాన్, జడ్సన్, ఎస్తేరు. ఫిషింగ్ హార్బర్ పక్కన మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో సాధన చేసేవారు. నలుగురికీ నాలుగు కార్లు, నలుగురు వంటవాళ్లు. పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గరే మూడు నెలలు గడిచాయి. చివరికి ఎస్తేరు ఒక నియమం పెట్టింది: ఆ వారం సాధనకు ఎవరు ముందు వస్తే వారి పేరు ముందు. దాంతో ప్రతి పోస్టరు మీదా మొదటి పేరు ఆమెదే అయింది. రెండు ఆల్బమ్‌లు, ఒక యాత్ర, ఒక పెద్ద తగువు. రెండేళ్లలో బృందం ముగిసిపోయింది.

మిగిలింది లంగరు. దానికి బాణీ కట్టింది ఎస్తేరు. చిన్నప్పుడు ఆమె వాళ్ల పేట చర్చిలో డోలు వాయించేది. అక్కడ ముసలమ్మలు చరణం చివర ఊపిరి అందక వెనకబడితే, వాళ్లు వచ్చేదాకా దరువు ఆపి నిలబడేది. ఆ అలవాటు లంగరులోకీ వచ్చింది. ప్రతి మూడో పాదం తర్వాత డ్రమ్స్ ఒక్క దెబ్బ సేపు ఆగుతాయి. “తాళం తప్పింది, మళ్లీ కొట్టు” అని చిత్రభాను అరిచాడు మొదటిసారి. ఆమె మళ్లీ అలాగే ఆగింది. మొదటి కచేరీలో ఆ ఖాళీని జనం చప్పట్లతో నింపారు. ఆ తర్వాత ఆ ఒక్క చప్పట కోసమే వేలమంది వచ్చేవారు.

*

కళాచరిత్ర కేంద్రంలో అధికారిణి ఉదయిని ఆయనకు మంచినీళ్లు తెప్పించింది. మర్యాద తెలిసిన పిల్ల.

“ఇది మీ మూడో అర్జీ అండి. మీ చరిత్రలో ఎస్తేరు గారి పేరు ఉంది. ఆవిడ ఫొటో కూడా మొదటి పేజీలోనే ఉంది. ఇంకేం కావాలండి మీకు?”

“నా చరిత్రలో ఉంటే ఎవరికి తెలుస్తుందమ్మా? నాకు తెలిసిందే నాకు చెబుతున్నారు.”

“డ్రమ్స్ మీద ఎక్కువమందికి ఆసక్తి లేదండి. లేని ఆసక్తిని మేం పుట్టించలేం కదా.”

“అసలు రికార్డింగు వినిపించు. ఐసు ఫ్యాక్టరీలో చేసింది.”

ఉదయిని తల దించుకుంది. “అసలుదంటూ ఏదీ ఉంచలేదండి. అన్నిటినీ కరిగించి ఇష్టశ్రుతికి ముడిసరుకుగా వాడారు. ఇళ్లలో ఉన్న పాత డిస్కులు కూడా చెవిపూసలిచ్చి తీసేసుకున్నారు.”

తన ఇంట్లోవీ అలాగే వెళ్లాయి. వినికిడి మందగించి చెవిపూస అవసరమైనప్పుడు, ఎస్తేరు డిస్కులన్నీ ఆయనే స్వయంగా అట్టపెట్టెలో సర్ది ఇచ్చాడు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తిట్టాలంటే ముందు తననే తిట్టుకోవాలి.

“వచ్చే ఆదివారం ఉప్పుగాలి స్వర్ణోత్సవానికి నేను వేదిక ఎక్కాలన్నారు కదా,” అన్నాడు లేచి. “ఎక్కుతాను. లంగరు పాడేటప్పుడు అందరి చెవిపూసలూ ఆపేయాలి. ఒక్క పాట. జనం దాన్ని ఒక్కసారి ఉన్నదున్నట్టు వినాలి. కుదరదంటే చిత్రభానునొక్కణ్ణే నిలబెట్టుకోండి.”

బతికున్నది ఆ ఇద్దరే. ఉదయిని చాలాసేపు ఎవరితోనో మాట్లాడి వచ్చి సరేనంది.

*

ఆదివారం సాయంత్రం నాలుగింటికి సముద్రం ఒడ్డున నలభై వేల మంది చేరారు. వేదిక వెనక చిత్రభాను చక్రాల కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకుంటున్నాడు.

“ఏరా, ఇంకా బతికే ఉన్నావేట్రా జడ్సనూ?”

“నువ్వు పాడుతుంటే చావు దగ్గరికి రావట్లేదురా, భయపడి.”

ఇద్దరూ నవ్వారు. తర్వాత జడ్సన్ అన్నాడు: “లంగరు ఎస్తేరు కట్టిందని ఇవాళ నీ నోటితో చెప్పాలి.”

“అదేటి? నేను కదా కట్టాను! హార్బరులో, వానలో తడుస్తూ.”

“ఎవరు చెప్పారు నీకు?”

“రోజూ వింటన్నానురా, నా చరిత్రలో.” చిత్రభాను అబద్ధమాడటం లేదు. ఆయన కళ్లలో వాన కూడా కనిపిస్తోంది. జడ్సన్‌కు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం ఈ ముసలివాడి మీద కాదు.

వేదిక మీద జడ్సనే మైకు తీసుకున్నాడు. “ఈ పాట కట్టింది ఎస్తేరు. మా నాలుగో మనిషి. అందరూ మాతో పాడండి.” ఉదయిని సైగ చేసింది. నలభై వేల చెవిపూసలు ఆగిపోయాయి. జడ్సన్ చెవిలోనూ లోకం మూగబోయింది. బేస్ తీగ అదురు మాత్రం ఛాతీకి తెలుస్తోంది.

జనం ఉత్సాహంగా నోళ్లు తెరిచారు. కాసేపటికే ఆ ముఖాలు మారిపోవడం ఆయన చూశాడు. ఒకరు చరణంలో ఉంటే పక్కవారు పల్లవి ముగిస్తున్నారు. వేగం కలవలేదు, శ్రుతి కలవలేదు, మాటలు కూడా కలవలేదు. ఒకతను పక్కవాడి వైపు వేలు చూపించి ఏదో అరిచాడు. అతను ఇతని చొక్కా పట్టుకున్నాడు. తమకు తెలిసిందే పాటనీ, ఎదుటివాడు దాన్ని పాడుచేస్తున్నాడనీ ప్రతి ఒక్కరి నమ్మకం. ఇరవై ఏళ్లలో ఇంకొకరి కోసం ఒక్క దెబ్బ సేపు ఆగాల్సిన అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు. చంటిపిల్లలు చెవులు మూసుకున్నారు.

చిత్రభాను నోరు ఆగిపోయింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని జడ్సన్ చెవిలో అరిచాడు: “అసలెలా ఉండేదిరా ఇది?”

జడ్సన్ గిటారు వదిలేసి, మైకు పక్కనున్న చెక్కబల్ల మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. మూడో పాదం ముగిసింది. చెయ్యి పైకెత్తి ఆపాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆపాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాడు. అయిదో సారి ఆపినప్పుడు, వేదికకు దగ్గరగా కొందరు తన చేతినే చూస్తూ నిలబడటం కనిపించింది. వాళ్లూ ఆగారు. ఆ ఖాళీలో వాళ్ల అరచేతులన్నీ ఒక్కసారి కలిశాయి. ఆ చప్పుడు ఆయనకు వినిపించలేదు, కనిపించింది. లెక్కపెట్టాడు. పదకొండు మంది.

అంతలో తోపులాట పెరిగిందని కేంద్రంవారు చెవిపూసలు తిరిగి తెరిచారు. నలభై వేల ముఖాల మీదికి క్షణంలో చిరునవ్వు తిరిగొచ్చింది.

*

మర్నాడు ఉదయం ఉత్సవం రికార్డింగు ఇంటికొచ్చింది. గాలితెర మీద నలభై వేల గొంతులు ఒక్కటిగా లంగరు పాడాయి. మూడో పాదం దగ్గర అందరూ ఆగారు. చప్పట ఉరుములా పడింది. చిత్రభాను కళ్లు తుడుచుకుని, బాణీ ఎస్తేరుదేనని మైకులో చెప్పాడు. తీరమంతా “ఎస్తేర్! ఎస్తేర్!” అని ఊగిపోయింది.

జడ్సన్ కదలకుండా చూశాడు. అయిపోయాక మళ్లీ పెట్టుకున్నాడు. మూడోసారి కూడా చూశాడు. ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది.

తెర మీద ఉదయిని కనిపించింది. “నచ్చిందాండి? మీ కోసం దగ్గరుండి చేయించాను.” ఆమె గొంతులో నిజమైన ప్రేమ ఉంది. ఆయనకు అదే భరించరానిదిగా తోచింది.

“ఆ పదకొండు మందీ ఏరమ్మా?”

“ఏ పదకొండు మందండి?”

“నిన్న నాతో ఆగినవాళ్లు. నా కోసం నలభై వేల మందిని పుట్టించారు. నిజంగా ఉన్నవాళ్లను అందులో కలిపేశారు. నా భార్యకు మిగిలింది ఆ పదకొండు మందేనమ్మా. వాళ్లను కూడా తీసేసుకుంటారా?”

“మీరు సంతోషపడతారనే...”

ఆయన చెవిపూస తీసి బల్ల మీద పెట్టాడు. తెర మీద ఆమె పెదవులు ఇంకా కదులుతున్నాయి. వాళ్లను వెతకాలనుకున్నాడు. ముఖాలు మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలని కాగితం తీశాడు. మొదటి ఆమెది ఆకుపచ్చ చీర, ముందు పన్ను కొంచెం విరిగింది. రెండో అతనికి తెల్లగడ్డం. మూడోది ఒక చిన్నపిల్ల, తల్లి భుజమ్మీద ఉంది; ఆ తల్లి నాలుగో మనిషి. ఆరుగురి దాకా గబగబా రాశాడు.

ఏడో ముఖం దగ్గర కలం ఆగింది. కళ్లద్దాలు, నుదుటి మీద చెమట, ఎత్తిన రెండు చేతులు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కానీ ఆ ముఖాన్ని నిన్న సాయంత్రం ఒడ్డున చూశాడో, ఇందాక తెర మీద చూశాడో ఎంతసేపు ఆలోచించినా జడ్సన్‌కు తేలలేదు.