తడి ఆరని పెళ్లికూతురు

పెళ్లి ఫోటోలు తీసేవాడికి రోత అనేది ఉండకూడదు. పదిహేనేళ్లుగా మనుషుల మొహాల్ని కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తున్నాను. పళ్ల సందుల్లో ఇరుక్కున్న ఆకుకూర, ముక్కు పక్కన చీము పట్టిన మొటిమ, చెవిలో గుబిలి... అన్నీ చూస్తాను, అన్నీ చెరిపేస్తాను, చందమామల్లాంటి మొహాలు చేతిలో పెట్టి పంపిస్తాను. అలాంటివాణ్ని మా పిన్ని కూతురి పెళ్లిలో మూడుసార్లు వాంతి చేసుకున్నాను.

చెల్లెల్ని ఇంట్లో అందరం పిట్ట అంటాం. తండ్రి లేని పిల్ల. పిన్ని కుట్టుమిషను తొక్కి పెంచింది. పెళ్లికొడుకు కళ్లద్దాల కొట్టు నడుపుతాడు. గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే రకం. ఆర్భాటాలు వద్దనుకుని, సరస్సు ఒడ్డున ఒక గెస్ట్ హౌస్ రెండు రోజులకి తీసుకున్నారు. రెండు వైపులా కలిపి పదిమందిమి. సంతకాలు, ఉంగరాలు, భోజనం. అంతే పెళ్లి.

చోటు బాగుంది. ఎండ బాగుంది. గాలి ఇటు తిరిగినప్పుడు మాత్రం, పూలు కుళ్లిన కూజా నీళ్ల వాసన వచ్చేది.

మధ్యాహ్నం మూడింటికి ఇద్దర్నీ నీళ్లలోకి సాగిన చెక్క వంతెన మీద నిలబెట్టాను.

"ఒక్క అడుగు వెనక్కి, పిట్టా."

"ఇంకా వెనక్కొస్తే చేపలకి బోణీ అవుతాను అన్నయ్యా!"

"ఒక్కటే. వెనక నీళ్లు బాగా పడతాయి."

వేసింది. పడిపోయింది.

పెద్ద చప్పుడు కాలేదు. పిండిలో రాయి పడ్డట్టు మునిగిపోయింది. పెళ్లికొడుకు బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి ముంచి వెతికాడు. ఎంతసేపో తెలీదు. చివరికి ఒక చెయ్యి దొరికింది. లాగాడు. పిట్ట పైకొచ్చి, చెక్కల మీద కూర్చుని, నల్లటి నీళ్లు కక్కి, నవ్వింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. గండం గడిచిందన్నారు. నేనూ నవ్వాను.

అయిదింటికి హాల్లో సంతకాలు. వేరే బట్టలు కట్టుకుని వచ్చింది. తలకి తువ్వాలు. దాని అంచు నుంచి నీళ్లు... బొట్టు బొట్టుగా. పెన్ను పట్టుకోగానే కాగితం నానిపోయింది. గోళ్ల కింద నల్ల బురద.

"ఇటు చూడు పిట్టా," అన్నాను.

చూసింది. నవ్వింది. నేను లెన్స్‌తో మొహాన్ని దగ్గరికి లాగాను. చిగుళ్లు చేప పొట్టలా తెల్లగా ఉన్నాయి. ముందు పళ్ల సందులోంచి ఎర్రటి సన్నని పురుగొకటి తల బయటపెట్టింది. అటూ ఇటూ చూసి లోపలికి పోయింది.

బాత్రూమ్‌కి పరుగెత్తాను. అది మొదటిది.

తిరిగొచ్చేసరికి ఉంగరాలు మార్చుకుంటున్నారు. పెళ్లికొడుకు ఆమె వేలికి ఉంగరం తొడిగాడు. ఉంగరంతో పాటు వేలి మీది తోలు కూడా జరిగింది. చేతి తొడుగులా, మడతలు పడుతూ... అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె రెండో చేత్తో తోలుని నెమ్మదిగా ముందుకు లాక్కుంది, చొక్కా చెయ్యి సర్దుకున్నట్టు.

"వదులైంది," అంది మెల్లగా.

"ఉంగరమా? దారం చుడితే సరిపోతుందిలే అమ్మా," అంది దూరంగా కూర్చున్న అత్తగారు.

రెండోది అప్పుడు.

భోజనాల దగ్గర పెళ్లికొడుకు తలనొప్పని చెప్పి, వాళ్లమ్మ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. పిట్ట మిఠాయి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "నోరు తెరు అన్నయ్యా." అందరూ చూస్తున్నారు. తెరిచాను. మిఠాయితో పాటు రెండు వేళ్లు నాలుక మీద పెట్టింది. చల్లగా, నాచు పట్టిన రాయిలా జారుతూ... ఆ వేళ్లు కొంచెం ఆగాయి. నా నాలుకని తడిమాయి.

బయటికెళ్లి కక్కితే, మిఠాయి ముక్కల్లో ఒక పూర్తి గోరు ఉంది.

వెనక గదిలో పిన్ని ఒక్కత్తే ఉంది. చుట్టూ తడి తువ్వాళ్లు.

"తలుపెయ్యి," అంది.

"పిన్నీ, పిట్టకి ఏదో..."

"మెల్లగా. వింటుంది." ఒక తువ్వాలు విప్పి చూపించింది. గంజి మీది మీగడలాంటి పొర అతుక్కుని ఉంది. "బట్టలు మార్చింది నేనేరా. మోకాలి మీద కుట్ల మచ్చ కోసం చూశాను. మచ్చ లేదు. మోకాలే లేదు. నొక్కితే వేలు లోపలికి పోయింది."

"మరి పిట్ట?"

పిన్ని కిటికీ వైపు చూసింది. అవతల నీళ్లు.

"మూడింటి నుంచి అక్కడే ఉంది."

"పోలీసుల్ని పిలుద్దాం."

"వద్దు. ఇది నాతో బేరం పెట్టింది. 'అమ్మా, నన్ను ఉంచుకో. తెల్లారాక దాన్నిస్తాను' అంది." పిన్ని ఆ తువ్వాలు మళ్లీ మడత పెట్టింది. "సరేనన్నాను. ఏం చెయ్యనురా... కన్నదాన్ని."

ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. వంతెన చివరికి వెళ్లి బోర్లా పడుకున్నాను. వెనక్కి అడుగు వెయ్యమన్నది నేనే కదా. భుజం దాకా చెయ్యి ముంచాను. నీళ్లు వెచ్చగా, జిగురుగా ఉన్నాయి. ఏవో నోళ్లు చర్మాన్ని చప్పరించి వదిలేస్తున్నాయి. పళ్లు బిగబట్టి వెతికాను.

ఒక చెయ్యి నా చేతిని పట్టుకుంది.

గట్టి చెయ్యి. అయిదు వేళ్లు. లోపల ఎముకలు. "పిట్టా!" అని లాగాను. రాలేదు. తనూ లాగుతోంది, పైకి రావడానికే... అప్పుడు ఇంకొకటేదో మా ఇద్దరి మధ్యకి వచ్చింది. మెత్తనిది. తొందర లేకుండా, మా వేళ్లని ఒక్కొక్కటిగా విడదీసింది.

పరుగెత్తాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చెల్లెల్ని వదిలేసి పరుగెత్తాను. కారులో కూర్చుని తాళాలు వేసుకున్నాను. వెళ్లిపోలేకపోయాను. ఉండలేకపోయాను.

తెల్లవారుతుండగా అద్దం మీద ఎవరో కొట్టారు.

పిన్ని. జుట్టు విరబోసుకుని ఉంది. ఒళ్లంతా బురద. నీళ్లు కారుతున్నాయి.

"దొరికిందిరా! పిట్ట దొరికింది. ఒక్కదాన్నే మొయ్యలేకపోతున్నాను. రా!"

ఏడుపొచ్చింది. తాళం తీయబోతూ ఎందుకో తలెత్తి చూశాను.

పై అంతస్తు కిటికీలో పిన్ని ఉంది. పొడి బట్టలు. ముందు కూర్చున్నదాని తలని తువ్వాలుతో తుడుస్తోంది. నన్ను చూసింది. అరవలేదు. తల అడ్డంగా ఊపింది. వద్దు.

బయట నిలబడ్డ పిన్ని కూడా నా చూపు వెంట తలెత్తింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"అది నేను కాదురా..."

కారు తీశాను. అద్దంలో చాలాదూరం దాకా ఆమె వెంట పరుగెత్తుతూనే ఉంది.

ఫోటోలు ఇవ్వలేదు. పిన్ని ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. పిట్ట బాగుందంటుంది. ఒకసారి వచ్చి పొమ్మంటుంది. ఏదో ఒక సాకు చెప్పి పెట్టేస్తాను. మొన్న మాత్రం ఉండబట్టలేక అడిగేశాను.

"పిన్నీ, ఆ రోజు పొద్దున నువ్వు కిటికీలో ఉన్నావా, కారు దగ్గర ఉన్నావా?"



అవతల నుంచి రెండు గొంతులు, రెండూ పిన్నివే, ఒకేసారి అన్నాయి:

"కిటికీలోనే కదరా..."