ముప్పై ఏడు బిళ్ళలు

"మీ అత్తగారు వెండి మూట మీద కూర్చుంది, కూతురొచ్చినప్పుడల్లా నాలుగు జారవిడుస్తోంది" అన్నదట ఎదురింటావిడ. పంపు దగ్గర విన్న ఆ మాటను భార్య టీ గ్లాసుతో పాటు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. గడియారాల మేస్త్రీ ఆ టీని పక్కకు నెట్టేశాడు. అక్క నిన్న సాయంత్రమే వచ్చింది మరి.

అక్క స్నానానికి వెళ్ళగానే అమ్మ మంచం కింది రేకు డబ్బా తెచ్చి పనిబల్ల మీద బోర్లించాడు. ముప్పై ఏడు రూపాయి బిళ్ళలు. అరిగి అరిగి రాజుగారి ముక్కూ చెవీ ఏకమైపోయాయి. వాటిని చూడగానే నాన్న కిరాణా కొట్టు గోనెసంచుల వాసన ముక్కుకు తగిలింది. నాన్న బిళ్ళను బొటనగోటితో ఎగరేసి, కళ్ళు మూసుకునే దాని జాతకం చెప్పేవాడు. "ఇది మంచి వెండి, విను, ఇంకా పాడుతోంది. ఇది సగం వెండి. ఇది నికెల్, పిలిచినా పలకదు." కొట్టు మెట్టు మీద కూర్చుని ఆ మోత వింటూనే తాను గడియారం గుండె వినడం నేర్చుకున్నాడు.

కంటికి భూతద్దం బిగించి బిళ్ళల మీది సంవత్సరాలు చూశాడు. అయస్కాంతం ఆనిస్తే ఇరవై రెండు టక్కున అతుక్కున్నాయి. అన్నీ నికెల్. మిగిలిన వాటిలో పదకొండు సగం వెండివి, మంచివి నాలుగే. చిన్న త్రాసులో వేస్తే మాత్రం అరుగుదల పోను అన్నీ ఒకటే బరువు, పదకొండున్నర గ్రాములు. మోత వింటేనే చెప్పే నాన్న, వెండిలో ఈ చెత్త కలిపి దాచాడా?

"ఏంట్రా, అమ్మ డబ్బా నీ బల్ల మీదకొచ్చింది?" తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది అక్క.

"పది గంటలకు వెండి కొట్టాయన వస్తున్నాడు. కరిగించి నీకు సగం, నాకు సగం. ఇక చాటుగా కొంగున కట్టుకుపోనక్కర్లేదు."

"కరిగిస్తావా!"

"మరి ముద్దు పెట్టుకోనా?"

"నేను కట్టుకుపోవడమా! ఆ మాటన్న నోరు పడిపోను. అందులో ఆరు నా డబ్బుల ముంత పగలగొట్టి ఇచ్చినవిరా."

"ఎందుకిచ్చావు?"

"నాన్న చెప్పొద్దన్నాడు."

ఈ గొడవకు అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. వెండి ఒక కుప్ప, నికెల్ ఒక కుప్ప చూసింది. "వేరు చేశావా" అంటూ రెండూ కలిపేసింది.

"అమ్మా, ఏది వెండో ఏది కాదో నాన్నకు తెలియదా?"

"తెలుసు. బరువు ఒకటేనని కూడా తెలుసు." అమ్మ స్టూలు మీద కూలబడింది. "ఏడో నెలలో పుట్టావు. దక్కవన్నారు. రోజూ కొట్టు తెరవకముందే మీ నాన్న నిన్ను గుడ్డలో చుట్టి త్రాసులో పడుకోబెట్టేవాడు. అంత చిన్న తూకపురాళ్ళు మనకెక్కడివి? పుట్టిననాడు తూగిన రాళ్ళు అలాగే ఉంచి, ఆపైన పెరిగినంతా బిళ్ళలు వేసి చూసేవాళ్ళం. వేసేది మీ అక్క. చేతికి ఏది తగిలితే అది. ఒక్కోసారి మూడ్రోజులైనా ఒక్క బిళ్ళ పెరిగేవాడివి కాదు. ఆ మూడ్రోజులూ మీ నాన్నకు ముద్ద దిగేది కాదు. నీకు తూగిన బిళ్ళ మళ్ళీ ఖర్చు పెట్టలేదు. ముప్పై ఏడోది వేసిననాడు మంత్రసాని ఇక భయం లేదంది."

"నాకొక్క మాట చెప్పకూడదా?"

"అర్భకుణ్ణన్న దిగులు నీకు పట్టుకుంటుందని."

మేస్త్రీ భూతద్దం తీయలేదు. దాని లోపలివైపు మసకబారింది. అక్క వచ్చి తడి తువ్వాలు చెంగు అతని చేతికిచ్చింది.

వాకిట్లో సైకిలు ఆగింది. "ఏం మేస్త్రీ, సరుకెంత?" వెండి కొట్టాయన కేక.

అమ్మ డబ్బాను కొడుకు ముందుకు నెట్టింది.

"చెప్పరా. నువ్వెంత వెండివో, ఎంత నికెల్‌వో ఏరి ఇచ్చెయ్."