ముకుంద్ రాసిన మొదటి బటన్

ఆ పొద్దున తుడియలూరులో తాయమ్మాళ్ వేడివేడి ఇడ్లీలు దించింది కానీ, కొడుకు ముకుంద్ తినే తట్ట ముందుకు రాలేదు. అలక. కొత్త కోడలు కృత్తిక మీదే, ఇంకెవరి మీద!

వాళ్లది నీళ్ల పంపులు చేసే వర్క్‌షాప్. డీలర్లు ఆర్డర్లు పెట్టే వెబ్‌సైట్‌ను ముకుంద్ సొంతంగా నేర్చుకుని కట్టాడు. తల్లి దాన్ని చుట్టాలందరికీ చూపించి మురిసిపోయింది. మొన్న తండ్రి నవనీతకృష్ణన్, కొత్త పంపులకు ఆకుపచ్చ రంగు వేస్తున్నాం, సైట్‌లో బటన్లూ అదే రంగులో ఉండాలన్నాడు. ముకుంద్ మార్చాడు. సగం పచ్చ, సగం నీలం! ప్రతి బటన్‌కూ రంగు, అంచు, అక్షరాల సైజు విడివిడిగా కాపీ కొట్టి పెట్టుకున్నాడు మరి. ఒకటి మారిస్తే ఇంకొకటి మిగిలిపోతుంది.

పెళ్లికి ముందు కృత్తిక పీలమేడులోని ఒక ఆఫీసులో వెబ్‌సైట్లు కట్టే పనే చేసేది. మామ సరిచేయమని అడిగితే కాదనలేక ఆ కాపీలన్నీ తీసేసి, బటన్ అలంకరణంతా ఒక్కచోట రాసింది. మొగుడికి ముందుగా చెప్పకపోవడమే తప్పయింది. పొద్దున అతను లాప్‌టాప్ తెరిస్తే, తాను రాసిన వరుసలన్నీ తీసేసినట్టు ఎర్రగా కనబడ్డాయి.

తాయమ్మాళ్ కోడలి మీద విరుచుకుపడింది. "బిడ్డ కష్టపడి రాసిందంతా తుడిచేసినావే. వాడి పని నీకంత చులకనా?"

కృత్తిక కళ్లలో నీళ్లు తిరిగాయి. తాను చేయి పెట్టడం ఇష్టం లేకపోతే పీలమేడు ఉద్యోగానికే పోతానంది. ఈ ఇంటి పనిలో తనకూ ఒక చోటు కావాలనే కదా, పాపం, ఆ పిల్ల ఆరాటం. కళ్లు తుడుచుకుని లాప్‌టాప్ మొగుడి ముందు పెట్టింది.

"పోయే ముందు ఒక్కటి అడుగుతానండి. బటన్ల రంగు ఇంకా నీలమే ఉంచినాను, మీరే పచ్చగా మార్చండి."

ముకుంద్ మూతి ముడుచుకునే అందులో రంగు పేరు ఒక్కటే మార్చాడు. ఏ పేజీ తెరిచినా బటన్లన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ ఒక్కచోట రాసిందాన్ని మళ్లీ చదివాడు. గుండ్రటి మూలలు, మందపాటి అంచు, ఎక్కడో చూసినట్టే ఉంది.

"ఇది నాది కదా?"

"మీదే. మీరు మొట్టమొదట రాసిన బటన్. అదే బాగుందని ఉంచినాను. తక్కినవన్నీ దాన్ని చూసే నడుస్తాయి. మీ పని నేను తుడవలేదండి."

ముకుంద్ పక్కన కుర్చీ లాగి ఆమెకు చోటిచ్చాడు. సైట్‌లో మిగతా పని ఇద్దరం కూర్చుని చేద్దామన్నాడు.

తాయమ్మాళ్ వంటింట్లోకి పోయి రెండు తట్టలతో వచ్చింది. మొదటిది కోడలి ముందు పెట్టింది.

"తెలియక నోరు జారినాను కణ్ణు, నా బంగారూ. తిను. పీలమేడు మాట ఇంక ఎత్తొద్దు."