కెజియా చేతిరాత

శనివారం వచ్చిందంటే హెప్సిబా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీకి కూడా స్నానం జరుగుతుంది. ఆ రోజు నాగలత మేడం వస్తుంది. మామూలు బడికి వెళ్ళలేని పిల్లల కోసం విద్యాశాఖ వాళ్ళు మండలంలో ఒక సెంటరు నడుపుతున్నారు. రాగలిగిన పిల్లలు అక్కడికే వస్తారు. రాలేని వాళ్ళ ఇళ్ళకు శనివారం టీచరే వస్తుంది. హెప్సిబా కూతురు, తొమ్మిదేళ్ళ కెజియా, రాలేని లెక్కలోనే ఉంది. పుట్టగానే ఏడవడం ఆలస్యమైంది, దాంతో కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయాయి. మాట రాదు. నవ్వుకు మాత్రం ఏ లోటూ లేదు. నాయనమ్మ తిడితే ఒక నవ్వు, పప్పు మాడితే ఇంకో నవ్వు.

ఇల్లు సారపాకలో, పేపరు మిల్లు వెనక లైన్లో. భర్త ప్రభు మిల్లులో కాంట్రాక్టు కూలీ, జామాయిలు కట్టె దింపుతాడు. అత్త అంతోనమ్మకు పొద్దున్నే ప్రార్థన, ఆ తర్వాత కోడలి మీద పర్యవేక్షణ.

"హెప్సీ, గోడ మీది కాగితం కొస లేచింది. రెండు మెతుకులు పెట్టి అంటియ్యి. ఎవలన్న వస్తే కనపడాలె."

"అందరికీ కనపడ్డది అత్తమ్మా. పాలాయనకే రెండుసార్లు చూపెట్టినవ్."

"మూడోసారి చూస్తే ఆయన కండ్లు అరుగుతయా ఏంది?"

మేరీమాత పటం పక్కన అంటించిన ఆ కాగితం మీద వంకరటింకరగా 'అమ్మ' అని ఉంది. కింద నాగలత మేడం ఎర్ర ఇంకుతో పెట్టిన నక్షత్రం. హెప్సిబా మెతుకులు నలిపి, కాగితం వైపు చూడకుండానే కొస అదిమింది. తను రాసిన దాన్ని తను చూడాల్సిన పనేముంది?

అవును, అది హెప్సిబా రాసిందే. దొడ్డు పిడి పెన్సిలూ, గీతల కాగితాలూ ఇచ్చి, "రోజూ ఇరవై నిమిషాలు పిడికిలి తెరిపించండి, తర్వాత గీతలు గీయించండి" అని మేడం చెప్పి ఏడాది దాటింది. మొదటి వారమే ఆడబిడ్డ పిల్లలతో దిగింది, నల్లా నీళ్ళు రాలేదు, పిడికిలి పట్టుకుంటే కెజియా ఏడ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి కాగితం తెల్లగానే ఉంది. భద్రాచలంలో డిగ్రీ చదివిన రోజుల్లో హెప్సిబా ఏనాడూ తెల్ల కాగితం ఇచ్చి రాలేదు. జవాబు తెలియకపోతే ప్రశ్ననే మళ్ళీ రాసి వచ్చేది. అత్త కునుకు తీస్తున్న వేళ చూసి, ఎడమ చేత్తో నాలుగు నిలువు గీతలు గీసి పెట్టింది.

మరునాడు మేడం చప్పట్లు కొట్టింది. ఒకసారి చప్పట్లు కొట్టించుకున్నాక, మరుసటి వారం తెల్ల కాగితం ఎలా ఇస్తారు?

అలా ఎడమ చేతికి చదువు మొదలైంది. మరీ బాగుపడితే అనుమానం వస్తుందని మూడింట్లో ఒకటి తప్పు రాసేది. మేడం ఎదురుగా రాయించబోతే, "మీ ముందర సిగ్గుపడ్తది మేడం, నా దగ్గరైతే రాస్తది" అనేది. వానాకాలానికి మేడం, "గీతలు వచ్చేశాయి కదా, ఇక చేతి వ్యాయామం తగ్గించి అక్షరాలు పట్టిద్దాం" అంది. హెప్సిబా తలూపింది. ఏడాది తిరిగేసరికి ఎడమ చెయ్యి గుణింతాల దాకా వచ్చింది. కెజియా చెయ్యి పిడికిలి దగ్గరే ఉంది.

ఎనిమిదింటికి ఫోను మోగింది.

"హెప్సిబా, ఇవాళ నాతో జిల్లా ఆఫీసు నుంచి సంసోను సారు వస్తున్నారు. కెజియా కాగితాలు చూసి ఎంత మెచ్చుకున్నారో! ఇంత బాగా రాసే పిల్లకు ఇక ఇంటికొచ్చి చెప్పడం అవసరం లేదు, బడిలోనే కూర్చోబెడదాం అన్నారు. ఈ శనివారాలు అడవి ఊళ్ళో ఉన్న దూలయ్య మనవరాలికి ఇస్తాం. పాపం, ఆ పిల్ల ఏడాదిగా ఎదురుచూస్తోంది."

హెప్సిబా చేతిలో గరిటె ఆగిపోయింది. "పాపకు కొంచెం జ్వరమున్నట్టుంది మేడం..."

"అయ్యో, అయితే తప్పకుండా వచ్చి చూస్తాం."

జ్వరం లేని కెజియా చాప మీద నుంచి హాయిగా నవ్వింది.

పదింటికి వచ్చారు. సంసోను సారు పెద్దమనిషి, చెప్పులు బయటే విప్పి లోపలికొచ్చాడు. రెండో షిఫ్టు కాబట్టి ప్రభు ఇంట్లోనే ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడకు ఆనుకున్నాడు. అంతోనమ్మ సారు కూర్చోకముందే గోడ మీది కాగితం చూపించేసింది. ఆయన దగ్గరికెళ్ళి చదివి, "వా, భేష్!" అన్నాడు.

కెజియాను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ఒళ్ళో చెక్క పెట్టి, దాని మీద తెల్ల కాగితం పరిచారు. నాగలత పెన్సిలు అందించింది.

"ఏదీ బంగారూ, తాతకు ఒక్క అక్షరం రాసి చూపించు."

పెన్సిలు వేళ్ళ మధ్య నిలవలేదు. చెక్క మీద పడి దొర్లింది. కెజియా దాని వైపు చూసింది, పక్కనే ఉన్న తల్లి వైపు చూసింది. మూసుకున్న పిడికిలి వెనక భాగంతో పెన్సిలును మెల్లగా నెట్టింది. ఆగింది, మళ్ళీ నెట్టింది. తల్లి ఎడమ చేతికి తగిలేదాకా నెట్టి, పని అయిపోయినట్టు నవ్వింది.

అందరూ నవ్వారు. "అమ్మంటే ఎంత పావురమో, ఎంత ప్రేమో సూడుండ్రి," అంది అంతోనమ్మ.

"కొత్తవాళ్ళం కదా, సిగ్గు," అన్నాడు సారు. "ఫర్వాలేదమ్మా, ఏడాది కాగితాలు ఫైల్లో ఉన్నాయిగా. అవి చాలు." పెన్ను మూత తీశాడు.

హెప్సిబా ఒక్కతే నవ్వలేదు. ఏడాదిలో కెజియా ఒకే ఒక్క పాఠం తప్పు లేకుండా నేర్చుకుంది: కాగితం ముందుకొస్తే పెన్సిలు అమ్మకివ్వాలి. ఆ పాఠం చెప్పింది తనే. ఈ సంతకం పడితే తన గుట్టు ఎవరికీ తెలియదు. గుట్టుతో పాటు శనివారాలూ పోతాయి. పిడికిలి విప్పని పిల్లను బడి బల్ల మీద కూర్చోబెట్టి, రాయమంటారు.

"సార్, ఒక్క నిమిషం ఆగుండ్రి."

ఎడమ చేత్తో పెన్సిలు తీసుకుని, కూతురి ఒళ్ళోని కాగితం మీద 'అమ్మ' అని రాసింది. అదే వంకర, అదే తోక.

చదువు రాని అంతోనమ్మే ముందు కనిపెట్టింది. ఆ గీతల్ని ఆమె రోజూ దండం పెట్టుకున్నంత సేపు చూస్తుంది మరి. గోడ వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసి, "ఇదేందే... గట్లనే గీసినవ్?" అంది.

"అవ్ అత్తమ్మా. అన్నీ నేనే రాసిన. మొదటి వారం నుంచి." హెప్సిబా తల ఎత్తలేదు. "పాప ఒక్క గీత గూడ గియ్యలే."

ప్రభు చొక్కా జేబులోంచి గేటు పాసు కవరు తీశాడు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది, దాని మీదా అవే వంకర అక్షరాలు.

"గేటు కాడ అందరికీ చూపెట్టిన. నాతోని కట్టె దింపే పగిడయ్య బావ కండ్లకద్దుకున్నడు." అతని గొంతు పైకి లేవలేదు. లేస్తే బాగుండుననిపించింది హెప్సిబాకు. "ఎందుకు రాసినవ్ హెప్సీ?"

"ఖాళీ కాగితం ఇయ్యబుద్ధి కాలే."

"ఖాళీ అయితే ఏమైతది? నా బిడ్డ ఖాళీ కాగితమిస్తే నేను తీసుకోనా? ఎవలి పరువు కోసం రాసినవ్... దానిదా, నీదా?"

జవాబు తెలిసిన ప్రశ్నే. ఈసారి ప్రశ్ననే మళ్ళీ రాసి తప్పించుకునే వీల్లేదు.

"నాదే," అంది.

నాగలత కెజియా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పబోయింది. బొటనవేలు లోపలికి పోయి బిగుసుకుంది. కెజియా ముఖం ముడుచుకుంది. నాగలత వెంటనే వదిలేసింది.

"నిరుడు రెండు వేళ్ళు తెరుచుకునేవి," అంది మెల్లగా. "వ్యాయామం తగ్గించమన్నది నేనే. ఆ కాగితాలు చూసే కదా తగ్గించమన్నాను."

ఇంతసేపూ తను దొంగిలించింది ఓ నక్షత్రం అనుకుంది హెప్సిబా. పోయింది బిడ్డ రెండు వేళ్ళు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడుస్తుంటే కెజియా నవ్వకుండా చూస్తూ ఉండిపోయింది.

"నన్ను ఏమన్న అనుండ్రి మేడం. సెంటరుల అందరి ముందట చెప్పుండ్రి. శనివారం మాత్రం తీసెయ్యకుండ్రి."

నాగలత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేను మాత్రం? ఒక్కసారైనా నా ముందు రాయించి ఉండాల్సింది. ఆ కాగితాలు నాకూ తియ్యగానే ఉన్నాయమ్మా. ఏ మీటింగులో చూపించినా మెచ్చుకునేవాళ్ళు." తర్వాత సారు వైపు తిరిగింది. "పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం దూలయ్య ఇంటికి వెళ్తాను సార్. ఒక బస్సు మారాలి, అంతే కదా."

సంసోను సారు సరేనని తలూపి, పెన్ను మూత పెట్టేశాడు. ఫైల్లోంచి ఏడాది కాగితాలన్నీ తీసి హెప్సిబా చేతికిచ్చాడు. "ఇవి మీవి," అన్నాడు. తిట్టి ఉంటే ఆ కాగితాలు అంత బరువుగా ఉండేవి కావు.

ఆ వారం ఇల్లు ఇల్లులా లేదు. అంతోనమ్మ రెండు రోజులు కోడలి చేతి టీ ముట్టలేదు. మూడోరోజు లైన్లో ఎవరో అడిగితే, "నా కోడలికి రెండు చేతులా రాతొస్తది తల్లీ," అంది. అది దెప్పిపొడుపో, కోడల్ని వెనకేసుకు రావడమో తేల్చుకోలేక, హెప్సిబా టీ పెట్టి ఇచ్చింది. అత్త తాగింది. ప్రభు మాత్రం టిఫిను డబ్బా తీసుకునేటప్పుడు కూడా నోరు విప్పలేదు.

హెప్సిబా రోజూ పొద్దున చాప మీద కూర్చుని, గోరువెచ్చని నూనె రాసి, కెజియా పిడికిలి తెరిపించింది. మొదటి రోజు ఇద్దరూ ఏడ్చారు. రెండో రోజు కెజియా ఒక్కతే ఏడ్చింది.

శుక్రవారం పొద్దున ప్రభు వచ్చి చాప మీద ఎదురుగా కూర్చున్నాడు. కట్టెలు మోసి కాయలు కాచిన అరచెయ్యి చాపి, కూతురి పిడికిలి అందులో పెట్టుకున్నాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఎంతసేపు పట్టాలె?" అన్నాడు.

వారం తర్వాత తనతో మాట్లాడిన మొదటి మాట. హెప్సిబా నూనె గిన్నె అతని వైపు జరిపింది.

"బొటనవేలు బయటికి తీసి, పది లెక్కపెట్టేదాకా. ఏడిస్తే వదిలెయ్యాలె."

ప్రభు మెల్లగా వేలు బయటికి తీసి పట్టుకున్నాడు. కెజియా ముఖం ముడుచుకుంది గానీ ఏడవలేదు. నాన్న మీసం వైపు చూస్తూ ఉంది. అతను పైకి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు... ఏడు దాకా వచ్చేసరికి లెక్క ఆపి, కళ్ళు భుజానికి తుడుచుకున్నాడు.

ఎనిమిది, తొమ్మిది, పది హెప్సిబా లెక్కపెట్టింది.