నాలుగు దోసిళ్ల వీడియో

ఇచ్చోడ దాటాక హైవే పక్కన శంకరవ్వ చాయ్ హోటల్. మధ్యాహ్నం మూడు గంటలు. నిఘా విభాగం ఏజెంట్ భానుప్రసాద్ రెండో చాయ్ చెప్పి ఫోన్ తీశాడు. ఆ చాయ్ అతను తాగలేదు.

మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. భానుప్రసాద్ బల్ల మీదికి ఒరిగాడు. హంతకుడు హెల్మెట్ తీసి, వంగి, ఊపిరి ఆగిందో లేదో చూసుకున్నాడు. పొయ్యి వెనక నక్కిన శంకరవ్వ అతని ముఖం చూసింది. లారీ హారన్ వినగానే అతను బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ ముఖం 'మాస్టర్'ది. గనులకు వెళ్లే పేలుడు సామగ్రిని దారి మళ్లించి సరిహద్దు దాటించే విదేశీ ముఠాకు నాయకుడు. ఐదేళ్లుగా వెతుకుతున్నా డిపార్ట్‌మెంట్ దగ్గర అతని ఫొటో ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు చూసిన కళ్లు రెండున్నాయి. అవి ఒక ముసలమ్మవి.

మర్నాడు కరీంనగర్‌లో చీఫ్ కొండల్‌రావు తన ఇంట్లో తలుపు వేసుకుని కొత్త ఏజెంట్ నవతను కూర్చోబెట్టాడు. భానుప్రసాద్ ఫోన్‌లో దొరికిన వీడియో ఆడించాడు. ఇచ్చోడలో ఏదో ఇంట్లో పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడి నింపే ఒడిబియ్యం. ఆడబిడ్డ కొంగు పట్టింది. ముగ్గురు వదినెలు వరుసగా పసుపు బియ్యం పోస్తున్నారు.

"చనిపోయే ముందు దీన్నే చూస్తుండె. నెట్‌ల రెండు రోజుల ముందే పెట్టిన్రు. ఇందుల ఏముందో నాకైతే సమజ్ కాలే."

నవత సిరిసిల్ల పిల్ల. బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఏజెంట్ కాకముందు వాడకట్టులో ఆమె చూడని ఒడిబియ్యం లేదు. వీడియో రెండోసారి చూసింది.

"సార్, ఇది దొంగ ఒడిబియ్యం. మా దిక్కు ఎవలైనా ఐదు దోసిళ్లు పోస్తరు. ఈళ్లు ఒకామె రెండు, ఒకామె ఆరు, ఒకామె నాలుగు పోసిన్రు. రెండు, ఆరు, నాలుగు."

కొండల్‌రావు హత్య జరిగిన చోటి ఫొటో ముందుకు లాగాడు. శంకరవ్వ హోటల్ ముందున్న కిలోమీటరు రాయి మీద అంకె 264.

"భాను అక్కడికి పోతడని మన ఆఫీసుల నలుగురికే తెలుసు," అన్నాడు. "శంకరవ్వను మందమర్రి బొగ్గుగని కార్మికుల కాలనీల దాచినం. క్వార్టర్ నంబర్ 426. అది గూడ గా నలుగురికే తెలుసు. ఆ వీడియో చివర్ల ఈ కరీంనగర్ల వీడియోలు ఎడిట్ చేసే మిక్సింగ్ సెంటర్ పేరున్నది. నువ్వు పోయి అండ్ల పనికి కుదురు. నువ్వు ఏజెంటువని నాకు తప్ప ఆఫీసుల ఎవ్వలికీ తెల్వదు."

అలా నవత 'నవ్యశ్రీ' అయింది. దళసరి కళ్లద్దాలు, వెలిసిన చుడీదార్, నూనె పెట్టిన జడ. రోజంతా పెళ్లిళ్లు, పిల్లల తొట్టెల వేడుకలు, పుట్టినరోజులు ఎడిట్ చేసేది. తొమ్మిదో రోజు గాజు తలుపు తెరుచుకుని అత్తరు వాసన లోపలికి వచ్చింది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. చూడగానే నవత గుర్తుపట్టింది. రచన! నిరుడు ధైర్యసాహసాలకు డిపార్ట్‌మెంట్ మెడల్ అందుకున్న ఆఫీసర్, ఆ నలుగురిలో ఒకతె. భానుప్రసాద్ శవం మీద దండ వేసి ఏడ్చిన మనిషి.

"మందమర్రి కాలనీల మా చెల్లె ఒడిబియ్యం," అంటూ పెన్‌డ్రైవ్ ఇచ్చింది. "ఊరి పేరు, పాటలేసి పెట్టు. రేపు పొద్దుగాల వస్త. ఎక్స్‌పోర్ట్ నా ముంగట్నే కావాలె."

ఆమె వెళ్లాక నవత క్లిప్ తెరిచింది. నాలుగు దోసిళ్లు. రెండు. ఆరు.

కొండల్‌రావు ఫోన్‌లో అంతా విన్నాడు. "రచనను ఇప్పుడే పట్టుకుంటే మాస్టర్ దొరకడు. శంకరవ్వను కదిలిస్తే రచనకు తెలుస్తది. 426 ఉన్న వరుస నిండ సంసారాలే, పిల్లలే. అక్కడ తుపాకులు పేలొద్దు. అదే కాలనీల 200 వరుస కింద భూమి కుంగింది, అందరు ఖాళీ చేసిన్రు. వీడియో పోవాలె నవతా. కానీ 226 అని పోవాలె."

"ఆమె ముంగట్నే కూసుంటది సార్. ఒక్కొక్క దోసిలి లెక్కవెడతది."

"జర ఆలోచించు," అని పెట్టేశాడు.

నవత ఆలోచించింది. పెద్ద వీడియో ఫైళ్లు పాత కంప్యూటర్‌లో కదలవు. అందుకే ప్రతి క్లిప్‌కూ ప్రాక్సీ అనే తేలికపాటి నకలు చేసి, ఎడిటర్లు ఆ నకలుతోనే పనిచేస్తారు. తెర మీద ఆడేది నకలే. చివరి వీడియో తయారుచేసే ఎక్స్‌పోర్ట్ నొక్కినప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్ నకలును పక్కనబెట్టి ఒరిజినల్‌ను తీసుకుంటుంది. మిక్సింగ్ పని చేసేవాళ్లకు తప్ప ఈ సంగతి ఎవరికీ పట్టదు.

ముందు ప్రాక్సీ చేసింది. తర్వాత ఒరిజినల్‌లో మొదటి వదినె పోసిన నాలుగింటిలో రెండు దోసిళ్లు కోసేసి, మిగిలిన రెండింటినీ నెమ్మదిగా సాగదీసి పాత నిడివికి సరిపెట్టింది. అదే పేరుతో, అదే ఫోల్డర్‌లో పెట్టింది.

పొద్దున రచన పక్క కుర్చీలో కూర్చుని వీడియో మొత్తం చూసింది. పెదవులు కదిలాయి. నాలుగు, రెండు, ఆరు.

"మంచిగున్నది. కానియ్. ఎంతసేపు?"

"ఇర్వై నిమిషాలు మేడం."

"అంతసేపా? కింద ప్రాక్సీ అని ఉన్నది గద, దాని మీద టిక్కు కొట్టు. రెండు నిమిషాలల్ల అయితది. నాకేం తెల్వదనుకున్నవా?"

నవత వేలు మౌస్ మీద ఆగిపోయింది. ఆ టిక్కు పడితే 426 బయటికి పోతుంది. శంకరవ్వ ఈ సాయంత్రం చూడదు.

"వద్దు మేడం. ప్రాక్సీతోటి మసకమసకగ వస్తది. దోసిళ్లు లెక్కవెట్టరాదు."

మాట జారింది. రచన నల్ల కళ్లద్దాలు తీసింది. కుడిచెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది.

"దోసిళ్లు ఎవలు లెక్కవెడతరే?"

"ఎవలు లెక్కవెట్టరు మేడం?" నవత తెర వైపు చూపించింది. "మా అవ్వ ఏ ఒడిబియ్యం వీడియో చూసినా గదే పని. ఎవలు ఐదు పోసిన్రు, ఎవలు ఎగ్గొట్టిన్రు అని. మీ పెద్దొదినె నాలుగే పోసింది. రేపు చుట్టాలు అడిగితే, మిక్సింగ్ పిల్లనే కోసిందని నన్ను తిడతరు."

"ఐదే పోయాల్నా?" అంది రచన. దొరల గడీలో పుట్టి హాస్టళ్లలో పెరిగిన మనిషి. నిజంగానే తెలియదు. క్షణం ఆగి నవ్వింది. చెయ్యి బ్యాగ్‌లోంచి ఖాళీగా బయటికి వచ్చింది. "పనిలేని ముచ్చట్లు! సరే, ఒరిజినల్‌తోనే కానియ్."

రెండర్ బార్ చీమలా పాకింది. ఇరవై నిమిషాలకు ఫైల్ వచ్చింది. రచన చెప్పిన ఛానెల్‌కు అప్‌లోడ్ మొదలైంది. అది పూర్తయ్యేలోగా ఏమీ తోచక రచన కొత్త ఫైల్‌ను ఆడించింది. ఐదు అన్న మాట ఆమెను గుచ్చుతున్నట్టుంది. ఈసారి పైకే లెక్కపెట్టింది.

"ఒకటి... రెండు..."

మొదటి వదినె పక్కకు తప్పుకుంది.

అప్‌లోడ్ తొంభై నాలుగు శాతం.

"నాలుగుండె గద?" రచన లేచింది. చేతిలో పిస్టల్. "ఎవలే నువ్వు? ఆపు! మౌస్ మీంచి చెయ్యి తియ్!"

"తియ్య," అంది నవత.

తొంభై ఏడు. పిస్టల్ పేలింది. తూటా నవత అరచేతిని చీల్చుకుని మౌస్‌ను ముక్కలు చేసింది. రచన కీబోర్డ్ వైపు దూకింది. నవత ఆ నెత్తుటి చేత్తోనే కీబోర్డ్‌ను గుండెకు అదుముకుని నేల మీద పడిపోయింది. రెండో తూటా గోడకు తగిలింది. బయట మాటువేసిన కొండల్‌రావు మనుషులు గాజు తలుపు పగులగొట్టుకుని లోపలికి దూకేసరికి తెర మీద వంద పడింది.

సాయంత్రం ఐదింటికి మాస్టర్ ఇద్దరితో కలిసి 226 తలుపు తన్నాడు. లోపల కమాండోలు ఉన్నారు. కాల్పులు నిమిషం కూడా సాగలేదు. కానిస్టేబుల్ రంజిత్ గడప మీదే చనిపోయాడు. నెల కింద పెళ్లయిన పిల్లవాడు. మాస్టర్ మోకాలు విరిగి ప్రాణంతో దొరికాడు. శంకరవ్వను తెచ్చి చూపించారు. "వీడే," అంది.

వారం తర్వాత ఆమె ఆసుపత్రికి వచ్చింది. ఎవరో పిల్లకు తన వల్లనే దెబ్బ తగిలిందని మాత్రం చెప్పారు, ఎలాగో చెప్పలేదు. డాక్టర్లు నవత రెండు వేళ్లు తీసేశారు. శంకరవ్వ డబ్బా విప్పి, అన్నం కలిపి, ముద్ద నోటి దగ్గర పెట్టింది.

"ఏం పని చేస్తవు బిడ్డా?"

నవత పక్కనే నిలబడ్డ కొండల్‌రావు వైపు చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"ఇండ్లల్ల తీసిన వీడియోలు మిక్సింగ్ చేస్తనవ్వా."

శంకరవ్వ ఆ కట్టు కట్టిన చేతిని చూసింది.

"గా పనిల గూడ వేళ్లు తెగేటంత పెద్ద మిషిన్లుంటయా?" అంది.